మంచి కొవ్వు ఎక్కడుంటది

మా ఊళ్లో ఆదివారం పొద్దున పొట్టేలును కోసేది నేనే. ఆరిళ్ల వాళ్లం కలిసి ఒకదాన్ని తెచ్చుకుంటాం. కోసి మోదుగాకుల మీద ఆరు పోగులు పెడతాను. పోగు అంటే ఉత్త మాంసం కుప్ప కాదు. ప్రతి పోగులో ఇంత కార్జం, ఇంత గుర్దా, ఒక మూలుగ బొక్క, ఇంత కొవ్వు ఉండాలి. ఆ తర్వాత మాలో ఒకరు వెనక్కి తిరిగి నిలబడతారు. నేను ఒక పోగు మీద కత్తి ఆనించి "ఇది ఎవరిది" అంటాను. ఆ మనిషి చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఆ పోగు ఆ పేరు గలవాడిది. ఇన్నేళ్లలో నా పోగు చూసి ఎవరూ నోరెత్తలేదు. మా బావ గుండె పరీక్ష చేయించుకునేదాకా.

బావ పేరు బాలస్వామి. మా అక్క సుగుణమ్మ భర్త. మొన్న యాసంగి పంటప్పుడు పల్లికాయ మూట ట్రాలీలోకి ఎత్తబోయి, ఛాతీ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. ట్రాక్టరు మా ఆరిళ్లలో ఒకడైన శ్రీనాథ్‌ది. అతనూ నేనూ కలిసి బావను ఆటోలో వేసుకుని వనపర్తి దవాఖానకు పోయాం. ఈసీజీ తీశారు. రక్తం తీశారు. కాగితాలు వచ్చాక డాక్టరు పిలిచాడు.

"గుండెపోటు రాలేదు పెద్దాయనా. కానీ వచ్చే దారిలో ఉంది" అన్నాడు. "నీ రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువుంది. మంచి కొలెస్ట్రాల్ తక్కువుంది. ట్రైగ్లిజరైడ్లని ఇంకోటి, అదీ ఎక్కువే."

"మూడు గల్సి వచ్చినయా సారూ" అన్నాడు బావ.

బీడీ మానాలన్నాడు డాక్టరు. రోజూ నడవాలన్నాడు. కొవ్వు, నూనె తగ్గించాలన్నాడు. రోజుకొక గోలీ రాసి, ఒక్కరోజు కూడా ఆపొద్దని రెండుసార్లు చెప్పాడు. బావ అన్నింటికీ తల ఊపాడు. లోపలికి పోయింది మాత్రం ఒక్క మాటే. అది తిరుగు బస్సులో బయటపడింది.

"బామ్మర్దీ, కొలెస్ట్రాల్ అంటే కొవ్వే గద."

"కొవ్వే."

"నాకు మంచిది తక్కువైందంటడు. అంటే ఇన్నొద్దుల సంది నువ్వు నా పోగుల చెడ్డదే ఏస్తున్నవన్నట్టు."

"అందరికి ఒక్కతీరే ఏసిన."

"అయితే మంచిది ఎవనింటికి పోయింది మల్ల."

నేను కిటికీలోంచి బయటకు చూశాను. కొత్తకోట వచ్చేదాకా బావ వదల్లేదు. "పొట్టేలును లోపలా బయటా చూసినోనివి నువ్వే. మంచి కొవ్వు ఎక్కడుంటదో నీకు తెల్వకుంటే ఇంకెవనికి తెలుస్తది. డాక్టరుకా? ఆయన ఎన్నడన్న తోలు వొలిచిండా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. మీసం రాకముందు నుంచి కోస్తున్నాను. కొవ్వు రెండు రకాలని ఎన్నడూ ఆలోచించలేదు. కానీ ఉన్న మాట చెప్పాలంటే, పొట్టేలులో కొవ్వంతా ఒక్క తీరుగా ఉండదు. గుర్దా, అంటే మూత్రపిండం చుట్టూ ఉండేది తెల్లగా గట్టిగా ఉంటుంది. తోక మొదట్లోది మెత్తగా, కొంచెం పచ్చగా ఉంటుంది. ఆదివారం రెండింట్లోనూ చెరికొంత పక్కకు తీశాను. ఇంటికి తెచ్చి రెండు గిన్నెల్లో కరగబెట్టాను.

నా భార్య సత్యమ్మ వచ్చి చూసింది. "పాల గిన్నెల పొట్టేలు కొవ్వు కరగబెడ్తున్నవా?"

"ఊ."

"కానీయ్. రేపు నీ చాయ్ గూడ దాంట్లనే కాస్త."

పొద్దున లేచి చూస్తే గుర్దా కొవ్వు మైనంలా గడ్డకట్టింది. వేలు పెడితే దిగలేదు. తోక కొవ్వు మెత్తగా, గిన్నె వంచితే జారేట్టు ఉంది. పోయి బావకు చెప్పాను.

"గుర్దా కాడిది గడ్డకడ్తది. తోక కాడిది జారుతది."

నేను చెప్పింది అంతే. మిగతాదంతా బావ కలుపుకున్నాడు. "గిన్నెల జారేది నరంల గూడ జారుతది. గిన్నెల గడ్డకట్టేది గుండెల గడ్డకడ్తది. గీ ముక్క చెప్పనీకె డాక్టరు గింత సదువు సదవాల్నా?" అని నా వీపు మీద చరిచాడు. అబద్ధమెందుకు, నాకూ బాగానే అనిపించింది.

మరుసటి ఆదివారం పోగులు పెట్టి కత్తి పట్టుకున్నాను. వెనక్కి తిరిగే వంతు శ్రీనాథ్‌ది. అతను తిరగబోతే బావ ఆపాడు.

"ఎనకకు తిరిగేదేం లేదు. తోక కాడిదంత నాకే. నాకు మంచి కొవ్వు తక్కువుంది. రిపోర్టు ఉన్నది."

ఆ ఆరిళ్లలో జాన్‌ది ఒకటి. కొత్తకోటలో లారీల మెకానిక్. ఆదివారం చర్చికి పోయేముందు పోగు ఇంటికి చేరాలి అతనికి. "గదేంది మామా. మాకు గుండెల్లేవా?" అన్నాడు.

"గుండె ఉన్నది. రిపోర్టు ఏది?"

అది పెద్ద తప్పయింది. ఆ వారం పల్లె దవాఖానలో ఉచితంగా రక్తపరీక్షలు జరుగుతున్నాయి. ఎన్నడూ సూది ముఖం చూడని మగవాళ్లంతా వరుసలో నిలబడ్డారు. వచ్చే ఆదివారానికి అందరి జేబుల్లో రిపోర్టులున్నాయి.

"నా మంచిది ముప్పై నాలుగు" అన్నాడు జాన్.

"నాది ముప్పై రెండే" అన్నాడు శ్రీనాథ్, ఎకరం ఎక్కువ ఉన్నవాడిలా.

"మీరిద్దరు పక్కకు జరుగుండ్రి. నాది ముప్పైకి లోపల" అన్నాడు బావ.

ఎవరిది తక్కువైతే వాళ్లకు ఎక్కువ వేయాలని తీర్మానమైంది. మా పొట్టేలు తోక జానెడు కూడా ఉండదు. దాని మొదట్లో ఉండే కొవ్వు ఎంత. తమలపాకు మందాన కోసి వేశాను. అయినా ఒకరి పోగు వైపు ఒకరు ఓరకంట చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాతి వారం శ్రీనాథ్ అంగడికి పోయి తోక లావుగా ఉన్నదాన్ని వెతికి తెచ్చాడు. తోక లావే. మిగతాది ముసలిది. ఆరిళ్లలో ఆరు కుక్కర్లు మధ్యాహ్నందాకా కూసినా ముక్క ఉడకలేదు. ఆడవాళ్లు శ్రీనాథ్‌ను తిట్టి, ఆ తర్వాత ఇది మొదలెట్టింది నేనని గుర్తొచ్చి నన్ను తిట్టారు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, అక్క మా ఇంటికి రాకపోతే.

సుగుణమ్మక్క వచ్చి గడప మీద కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు. "తమ్ముడా, మీ బావ గోలీలు బంద్ పెట్టిండు" అంది.

"ఎందుకు?"

"మంచి కొవ్వు తింటున్నడంట. గది చెడ్డదాన్నంత ఊడ్సుకపోతదంట. ఇంక గోలీ ఎందుకంటడు. నువ్వే చెప్పినవంట గద."

మూలన పెట్టి ఉన్న రెండు కొవ్వు గిన్నెల వైపు చూశాను.

"చేనుకు పోయేటప్పుడు తుమ్మచెట్టు కాడ నిలవడ్తుండు. ఏమైందే అంటే తుమ్మకాయలు చూస్తున్న అంటడు. తుమ్మకాయలు చూసేటందుకు ఆయనేమన్న మ్యాకనా? ఊపిరాడ్తలేదు తమ్ముడా ఆయనకు. చెయ్యి ఛాతి మీదనే ఉంటది. నన్ను చూస్తే తీస్తడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా మాట ఇనడు. డాక్టరు మాట ఇనడు. నీ మాటనే ఇంటడు. నువ్వే పెట్టినవు, నువ్వే తియ్యి."

అక్క పోయాక రెండు గిన్నెలు సంచిలో పెట్టుకుని పల్లె దవాఖానకు పోయాను. అక్కడ నర్సు శైలజ ఉంటుంది. గిన్నెలు బల్ల మీద పెట్టాను.

ఆమె మూత తీసి వాసన చూసి ముక్కు మూసుకుంది. "ఇదేంది తాతా?"

"ఒకటి మంచిది. ఒకటి చెడ్డది."

కాసేపటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ పట్టుకుని నవ్వింది. బావ గోలీలు ఆపాడని చెప్పేసరికి నవ్వు పోయింది.

"రెండూ పొట్టేలు కొవ్వే తాతా. మంచి కొలెస్ట్రాల్ తినేటిదాంట్ల ఉండది. ఇవి రెండూ తింటే పెరిగేది చెడ్డదే."

"మరి మంచిది ఎక్కడుంటది?"

"నీ రక్తంల. ఇను. నూనె నీళ్లల్ల కలుస్తదా? కలవదు. గట్లనే కొవ్వు రక్తంల కలవదు. దాన్ని మోసేటందుకు బండ్లు గావాలె. కార్జం కాడ నింపుకొని ఒళ్లంత పంచేటి బండ్లు కొన్ని. అవి ఎక్కువైతే దారి పొడుగునా కింద పోసుకుంట పోతయి. గది నరం గోడకు పట్టి పేరుకపోతది. దారి సన్నమైతది. అందుకే వాటిని చెడ్డయి అంటరు. కింద పడ్డదాన్ని ఎత్తుకొని మల్ల కార్జానికి తెచ్చేటి బండ్లు ఇంకొన్ని. అవి మంచియి. సరుకు ఒక్కటే తాతా. బండ్లే ఏరు."

నేను ఆ బండ్లను కళ్ల ముందు పెట్టుకుని చూశాను. కోత అయ్యాక పత్తి ట్రాలీలు పోయిన దారి గుర్తొచ్చింది. కంపచెట్లకు అటూ ఇటూ పత్తి పట్టుకుని ఉంటుంది.

"మూడోది ఏంది మల్ల?"

"ట్రైగ్లిజరైడ్లు. తిన్నది ఖర్చుగాకుంటే ఒళ్లు దాసిపెట్టుకునే కొవ్వు. అన్నం కుప్పలు కుప్పలు తిన్నా, చక్కెర తిన్నా, మందు తాగినా పెరుగుతది."

"ఎత్తుకపోయే బండ్లు పెరగాలంటే?"

"నడవాలె. బీడీ మానాలె. అట్ల గూడ కొంచమే పెరుగుతయి, నిదానంగ. పారబోసే బండ్లను తగ్గించేది గోలీ. బాలస్వామి తాతకు గదే ముఖ్యం. నరం మొత్తం మూస్కపోయిందనుకో, వనపర్తి దాక గూడ పోలేం."

గోలీ ఏ పూట మింగినా ఫరవాలేదా అని అడిగాను. ఆయనకు రాసినదాన్ని ఏ పూటైనా వేసుకోవచ్చు, రోజూ ఒకే వేళకు అయితే చాలు అంది. ఇప్పుడు ఆయాసం వస్తోంది కాబట్టి మళ్లీ డాక్టరుకు చూపించాల్సిందే అని కూడా అంది. గిన్నెలు తీసుకుపొమ్మంది.

నేరుగా బావ దగ్గరికి పోయాను. అరుగు మీద ఉన్నాడు. చేతిలో సగం బీడీ. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. కార్జం, బండ్లు, నూనె నీళ్లు, పత్తి ట్రాలీలు, అన్నీ. చెప్పేసరికి నోరెండిపోయింది.

బావ అంతా విన్నాడు. బీడీ ఆర్పాడు. నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జరం లేదు. మరేమైందిరా నీకు? ఇన్ని మాటలు నీ పెండ్లినాడు గూడ మాట్లాడకపోతివి."

"నిజం బావా."

"నువ్వు మొదలు చెప్పినవు చూడు, గడ్డకడ్తది, జారుతది అని. గది నీ మాట. గిది నీ మాట గాదు. ఆ నర్సుపిల్ల నీకు పాఠం నేర్పి తోలింది."

"రెండూ చెడ్డయే."

"ఇప్పుడు గట్లనే అంటవ్. బండ్లంట, ట్రాలీలంట. నా నరాలల్ల ట్రాఫిక్ నడుస్తుందారా?" అని లేచి లోపలికి పోయాడు. లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు. నేను చూశానని చూసి, గోడ మీద చీమను దులిపినట్టు చేశాడు.

ఆదివారం వచ్చింది. శ్రీనాథ్ ట్రాలీ వెనక కొక్కేనికి పొట్టేలును వేలాడదీసి తోలు వొలిచాను. కోసి ముక్కలు చేశాను. ఆకులు పరిచాను. అక్క కొంగు ముడిలో గోలీల షీటు ఉంది. అడిగి ఒక గోలీ తీసుకున్నాను. ఒక ఆకు మీద అది ఒక్కటే పెట్టాను.

జాన్‌ను వెనక్కి తిప్పాను. గోలీ పక్కన కత్తి ఆనించాను.

"ఇది ఎవరిది?"

పోగు పెట్టాక పడ్డ పేరును మా వాళ్లెవరూ ఇంతవరకు కాదనలేదు. బావ కూడా కాదనడని నా నమ్మకం. జాన్‌కు చెవిలో ఒక మాట వేసి ఉండాల్సింది. వేయలేదు.

"శ్రీనాథ్‌ది" అన్నాడు జాన్.

శ్రీనాథ్ ఆకు వైపు చూశాడు. "నాకు గోలీ ఏందన్నా?"

బావ నవ్వు పక్క వీధిదాకా వినబడింది. "పడ్డది పడ్డట్టే. మింగురా శ్రీనాథూ."

గోలీ తీసి అక్క చేతిలో పెట్టాను. కత్తి కడిగాను. గుడ్డలో చుట్టాను. ట్రాలీ టైరుకు ఆనుకుని కూర్చున్నాను.

"ఏమాయె?" అన్నాడు జాన్.

కత్తి చుట్టిన గుడ్డకు ముడి వేశాను.

"పోగులు పెట్టవా?"

నేను బావ వైపు చూశాను. అందరూ అటు చూశారు. అక్క గోలీని అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉంది. బావ గోలీ మింగేదాకా పోగులు పడవని అందరికీ తెలిసిపోయింది.

ఎండ ఎక్కుతోంది. ఈగలు వచ్చాయి. గోడ మీద కాకులు, గోడ కింద కుక్కలు వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. "ఇంకా కాలేదా?" అని ఒకరు, "మసాలా నూరి పెట్టిన" అని ఒకరు. శ్రీనాథ్ ఓపిక పట్టలేక తనే పోగులు పెడతానన్నాడు. పెట్టాడు. గుర్దాలు రెండూ ఒక్క పోగులో పడ్డాయి. ఒకదాంట్లో అన్నీ బొక్కలే. కార్జం మొత్తం అతని ముందున్న పోగులో ఉంది. కావాలని చేయలేదు, చేతికి దగ్గరగా ఉంది కాబట్టి వేశాడంతే. కానీ ఆ మాట ఎవరు నమ్ముతారు. ఇద్దరు ఆడవాళ్లు కొంగులు దోపుకున్నారు. శ్రీనాథ్ అన్నీ మళ్లీ కలిపేసి, చేతులు కడుక్కుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మామా, జర మింగరాదే. నాకు చర్చికి యాళ్లయితున్నది" అన్నాడు జాన్.

"నేను మింగితే మీ కూర ఉడుకుతదా?"

"ఉడుకుతది."

"మీ అందరిని వీడు ఎగేసిండు. నాకు మంచిగనే ఉన్నది. నాకేం రోగం లేదు."

అప్పుడు నేను నోరు తెరిచాను. "నువ్వు తుమ్మకాయలు చూస్తలేవు బావా."

అంతే అన్నాను. ఇంకేమీ మిగల్లేదు అనడానికి.

బావ అక్క వైపు చూశాడు. ఆమె కిందికి చూస్తోంది. గోలీ ఉన్న అరచేతిని మాత్రం ముందుకు చాచింది. బావ నడిచి వచ్చాడు. పది అడుగులు కూడా లేవు. వచ్చి ట్రాలీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. ఈసారి ఏ చీమనూ దులపలేదు.

"నీళ్లియ్యి" అన్నాడు అక్కతో.

మింగాడు. నా వైపు తిరిగి నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాడు. "సరిపాయెనా? ఇగ లేవురా దొంగనాయాలా."

లేచి పోగులు పెట్టాను. ముందు కొవ్వంతా గీకి తీశాను, గుర్దాదీ తోకదీ. కుక్కలకు వేశాను. ఎవరూ రిపోర్టు మాట ఎత్తలేదు.

ఆ మరునాడే బావను వనపర్తి తీసుకుపోయాం. గోలీలు ఆపినందుకు డాక్టరు బాగా చీవాట్లు పెట్టాడు. బావ ఇంకో పరీక్ష చేయించుకుని, ఇంకో గోలీ కూడా రాయించుకుని వచ్చాడు. రెండు గోలీలు కాబట్టి మా వాళ్ల భయం కూడా రెండింతలైంది. ఆదివారం కూర మళ్లీ ఆగిపోతుందని. పొద్దున్నే ఎవరో ఒకరు బావ ఇంటి ముందు నిలబడేవారు. "మింగినవా మామా?" అని జాన్ బండి మీద నుంచే అడిగేవాడు. శ్రీనాథ్ ట్రాక్టరు ఆపి హారన్ కొట్టేవాడు. "మింగిండు, నువ్వు పో" అని లోపలి నుంచి అక్క అరిచేది. బావకు పరువు తక్కువగా అనిపించి, వీళ్లు రాకముందే గోలీలు మింగి నడకకు పోవడం మొదలుపెట్టాడు. హైవే దాకా పోయేవాడు. బీడీ మాత్రం పూర్తిగా మానలేదు. హైవే వంతెన కింద ఒకటి కాలుస్తాడని జాన్ చెబుతాడు.

ఎండాకాలం పోయాక మళ్లీ రక్తం తీశారు. చెడ్డది బాగా తగ్గింది. మూడోది కూడా దిగింది. మంచిది కొంచెమే పెరిగింది. బావకు అది నచ్చలేదు. "గింత నడిస్తే గింతేనా?" అని శైలజను అడిగాడు. పెరగడమే గొప్ప తాతా అంది ఆమె.

ఒకరోజు నన్ను కూడా నడకకు లాక్కుపోయాడు. హైవే వైపు మట్టిరోడ్డు కొంచెం ఎత్తు ఎక్కుతుంది. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. నలుగురిలో పరువు తీశానన్నాడు. తోక కొవ్వు అంటగట్టానన్నాడు. ముసలి పొట్టేలును తినిపించానన్నాడు. ఒక్కచోట కూడా మాట ఆగలేదు, ఆయాసమూ రాలేదు. ఆ తిట్లు నాకు బాగున్నాయి. అయితే సగం దూరం పోయేసరికి అవి దూరం నుంచి వినబడుతున్నాయి. నేను వెనకబడ్డాను.

బావ ఆగి వెనక్కి చూశాడు. నేను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాను. దిగి వచ్చాడు.

"నీ రిపోర్టు ఏదిరా?"

"తీయించలె."

"అందరు తీపిస్తే నువ్వెందుకు తీపియ్యలె?"

"కోసేటోన్ని గద."

బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. తిట్టలేదు. అందుకు నాకు కొంచెం భయమేసింది. "రేపు పొద్దుగాల ఏం తినకు. చాయ్ గూడ తాగకు. శైలజ కాడికి పోదాం" అన్నాడు.

"చూద్దాం."

"చూసేదేం లేదు."

తెల్లారి సత్యమ్మ తలుపు తీసేసరికి బావ మా గడప మీద కూర్చుని ఉన్నాడు. రాత్రే నిశ్చయించుకుని వచ్చినట్టు కాళ్లు చాపి, గోడకు ఆనుకుని. చాయ్ వాసన లోపలి నుంచి వస్తోంది. నేను గ్లాసు కోసం చెయ్యి చాపాను. సత్యమ్మ నన్ను చూసింది, ఆయన్ను చూసింది, గిన్నె మీద మూత పెట్టేసింది.